ఐదు ప్రశ్నార్థకాలు

లినక్స్‌లో రాసిన ఓ చిన్న ప్రోగ్రాంని ఒకాయన విండోస్‌కి పోర్ట్ చేశాడు. కమాండ్ లైన్లో దానికి ‘పాటలు’ అని ఫోల్డర్ పేరిచ్చాను. ‘?????’ దొరకలేదు పొమ్మంది. ఆయనకి రాస్తే, "ఫ్రెంచి పేర్లతో పరీక్షించా, బానే ఉంది, మీ ఫాంటు చూసుకోండి" అన్నాడు.

ఫాంటా! ఒళ్ళు మండదూ? ఫాంటు లేకపోతే డబ్బాలొస్తాయండీ, ప్రశ్నార్థకాలు కాదు. ఆ మాత్రం మన తెలుగువాళ్ళకి తెలీదా?

జరిగేది ఇదీ. లినక్స్‌లో ఆర్గ్యుమెంట్లంటే ఉత్త బైట్లు. కెర్నల్ వాటి జోలికి పోదు, ఇచ్చినవి ఇచ్చినట్టే మెయిన్‌కి చేరతాయి. విండోస్‌లో కమాండ్ లైన్ అసలు రూపం యూటీఎఫ్-16. మామూలు మెయిన్ రాస్తే, అది మొదలయ్యేలోపే ఆ వాక్యాన్ని ఏన్సీ కోడ్‌పేజీలోకి మార్చేస్తారు. ఫ్రెంచి అక్షరాలు 1252లో ఉన్నాయి కాబట్టి బతికిపోతాయి. తెలుగుకి ఏన్సీ కోడ్‌పేజీయే లేదు. ‘పాటలు’లో ఐదు కోడ్‌పాయింట్లు, ఐదూ ప్రశ్నార్థకాలై కూర్చుంటాయి. ఆ తర్వాత సెట్‌లొకేల్ పిలిచి లాభమేముంది? దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు.

ఇది ‘దొరకలేదు’తో పోయే వ్యవహారం కూడా కాదు. విండోస్‌లో ప్రశ్నార్థకం వైల్డ్‌కార్డు. ఆ పేరుని ఫైళ్ళు వెతికే ఫంక్షన్‌కిస్తే, ఇంగ్లీషులో ఐదక్షరాల పేరున్న ఇంకోటేదో దొరకొచ్చు. ప్రోగ్రాం చేసే పని చెరపడమైతే? నా పాటలు భద్రంగా ఉంటాయి, ఇంకేదో పోతుంది.

మందు లేదా అంటే, ఎప్పట్నుంచో ఉంది. డబ్ల్యూమెయిన్ రాసుకోవచ్చు, లేదా గెట్‌కమాండ్‌లైన్‌డబ్ల్యూ పిలవొచ్చు. గుమ్మం దగ్గరే యూటీఎఫ్-8లోకి మార్చుకుని లోపలంతా అదే వాడుకోవాలి, ఫైలు తెరిచేటప్పుడు మళ్ళీ వెనక్కి మార్చాలి. 2019లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1903 నుంచి ఇంత శ్రమ కూడా అక్కర్లేదు, మానిఫెస్ట్‌లో యాక్టివ్ కోడ్‌పేజీ యూటీఎఫ్-8 అని పెడితే మామూలు మెయిన్‌కే యూటీఎఫ్-8 అందుతుంది.

అలాగని లినక్స్‌లోనూ అన్నీ యూటీఎఫ్-8 అనుకుని, చెల్లని బైటు కనబడగానే చచ్చిపోయే ప్రోగ్రాములు రాసేవాళ్ళని వెనకేసుకురాను. అక్కడ పేరుని పేరులాగే వదిలెయ్యాలి. ఈ గొడవ తెలిసే పైథాన్ వాళ్ళు 2009లో, 3.1తో, అర్థంకాని బైట్లని పారెయ్యకుండా దాచి తిరిగిచ్చే పద్ధతి పెట్టారు.

ఆయనకి ఓ ప్యాచ్ పంపాను. పరీక్షకి పెట్టిన ఫోల్డర్ పేరు ‘పాటలు’. ఫ్రెంచిది కూడా ఉంచాన్లెండి.