ఔటై వచ్చినా చప్పట్లే

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దవాళ్లకు ఎప్పుడో ఒకసారి బేస్‌బాల్ మ్యాచ్ చూసే అవకాశం వస్తుంటుంది. క్రికెట్‌కు అలవాటుపడ్డ కళ్లకు మొదట ఆట అంతుబట్టదు. ఫర్వాలేదు, డగౌట్ వైపు చూడండి.

ఒక్కోసారి బ్యాటర్ కావాలనే బంతిని మెల్లగా నేల మీదకు తట్టి తాను ఔటవుతాడు. ఆ సందులో బేస్ మీదున్న తోటి ఆటగాడు ముందుకు వెళ్తాడు. దీన్ని శాక్రిఫైస్ బంట్ అంటారు. ఈమధ్య బాగా తగ్గింది గానీ, చూడాల్సిన దృశ్యమే. దాన్ని స్కోరులో విడిగా రాస్తారు, అతని బ్యాటింగ్ సగటు తగ్గదు. డగౌట్‌కు తిరిగొస్తుంటే తోటివాళ్లు వరసగా చేతులు చరుస్తారు. టీవీలో అప్పటికే తర్వాతి బ్యాటర్ కనిపిస్తుంటాడు. అందుకే మైదానంలో చూడమనేది.

మన ఇళ్లలో ఆ పద్దు రాసేవారు లేరు. ఓపీకి వచ్చే షుగర్ పేషెంట్లలో చాలామంది మగవాళ్లకు తాము వేసుకునే మాత్రల పేర్లు తెలియవు. ‘మా ఆవిడకు తెలుసు సార్’ అంటారు. మరి ఆవిడ బీపీ చివరిసారి ఎప్పుడు చూపించారని అడిగితే ఇద్దరూ మాట్లాడరు. ‘ఇంట్లోవాళ్లకు థ్యాంక్సేంటి’ అనుకోవడం మనకు అలవాటే. చెబితే మంచిదే, కానీ మాటతోనే బీపీ తెలియదు కదా. ఈసారి చెకప్‌కు వచ్చినప్పుడు ఆమె పేరు మీద కూడా ఒక ఓపీ చీటీ రాయించండి.