రాబిగ్ కబుర్లు: పాట ఆగిన నిమిషం

బయట నలభై నాలుగు డిగ్రీలు. లోపల ఏసీ వేసుకుని నేను మంచు చూస్తున్నాను. నవ్వకండి! పోయిన శుక్రవారం యూట్యూబ్‌లో ఒక పాత ‘ఆర్ట్ ఆన్ ఐస్’ ప్రసారం దొరికింది. స్విట్జర్లాండ్‌లో 1995 నుంచి నడుస్తున్న ప్రదర్శన ఇది. పేరున్న స్కేటర్లు మంచు మీద ఆడుతుంటే, పక్కనే వేదిక మీద గాయకులూ వాద్యబృందమూ లైవ్‌గా పాడి వాయిస్తారు.

రాబిగ్ వచ్చిన కొత్తలో, జెడ్డాలో స్నేహితుల ఇంట్లో టీవీలో ఈ ప్రదర్శన మొదటిసారి చూశాను. అప్పుడు నా కళ్లన్నీ స్టెఫాన్ లాంబియెల్ మీదే. 2005, 2006లలో ప్రపంచ చాంపియన్. బొంగరంలా తిరిగే మనిషి. ఈసారి మాత్రం చూపు వాద్యబృందం మీదికి పోయింది.

పోటీల్లో ఈ సౌఖ్యం లేదు. అక్కడ రికార్డు చేసిన పాటే, గడియారమే రాజు. 1984 సరయేవో ఒలింపిక్స్‌లో టోర్విల్, డీన్ జంట ‘బొలెరో’కి ఆడారు, గుర్తుందా? పావుగంట సంగీతాన్ని నాలుగున్నర నిమిషాల లోపుకి కుదించినా, నియమం కంటే కొన్ని సెకన్లు ఎక్కువే వచ్చింది. స్కేటు అంచు మంచును తాకాకే లెక్క మొదలవుతుంది కనుక మోకాళ్ల మీద కూర్చుని మొదలుపెట్టారు! ఇక సింగిల్స్, పెయిర్స్ పోటీల్లో మాటలున్న పాటను అనుమతించింది 2014లో మాత్రమే.

లైవ్ సంగీతం తేలికేం కాదు. రింకు పొడవు 60 మీటర్లు. ఈ చివర వాయించింది ఆ చివరికి చేరేసరికి సెకనులో ఆరో వంతు గడిచిపోతుంది. తాళం తప్పడానికి అది చాలు. పైగా చలికి ఫ్లూటు శ్రుతి దిగుతుంది. మన ఎర్రసముద్రపు ఉక్కకి మృదంగం చర్మం సడలినట్టే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న ఉగాదికి వచ్చినవాళ్లకు తెలుసు. ఒక పాప కూచిపూడి తరంగం చేసింది. కాలివేళ్లతో ఇత్తడి పళ్లెం అంచు పట్టుకుని ముందుకు జరుగుతోంది. సరిగ్గా అప్పుడే పెన్‌డ్రైవ్ ఆగిపోయింది. హాలంతా నిశ్శబ్దం. పాప పళ్లెం దిగలేదు. బిక్కమొహంతో నిలబడింది.

ముందు వరసలోంచి, విజిట్ వీసా మీద వచ్చిన ఒక మామ్మగారు పాట అందుకున్నారు. ఎవరో కుర్చీ మీద తాళం వేశారు. పాప మళ్లీ కదిలింది. అలసిందని తెలియగానే మామ్మగారు నడక తగ్గించారు, తేరుకోగానే మళ్లీ పెంచారు. ఆవిడ చూపు పాప పాదాల మీదే ఉంది. నట్టువాంగం చేసే గురువుగారి చూపు ఉండేదీ అక్కడే కదా. పెన్‌డ్రైవ్‌కి కళ్లెక్కడివి?

ఒప్పుకోవలసిన సంగతి ఇంకోటి ఉంది. రెండు నెలల ముందే ఆ పాప తల్లి, “అన్నయ్యగారూ, ఎవరినైనా పాడేవాళ్లను చూద్దామా?” అని అడిగింది. “ఎందుకమ్మా, రిహార్సల్సూ ఖర్చూ, ట్రాక్ ఉందిగా” అన్నది నేనే. ఆ రోజు పెన్‌డ్రైవ్ పెట్టిందీ నేనే. ఆ తర్వాత చాలాసేపు ఆ తల్లికి ఎదురుపడలేదు.

అందుకే ఈసారి దీపావళికి ఒక్క అంశమైనా లైవ్‌గా చేద్దాం. రాబిగ్, జెడ్డా, యాన్బులలో వయొలిన్‌ని పెట్టెలో పెట్టి మరిచిపోయినవాళ్లు, చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నవాళ్లు, కనీసం తాళం తప్పకుండా వేయగలవాళ్లు ముందుకు రండి. తప్పులొస్తే రానివ్వండి. రిహార్సల్స్‌కి మా ఇల్లు, టీ నావి.

మామ్మగారు తెనాలి వెళ్లిపోయారు. ఇక మనమే పాడుకోవాలి.