రాని తుపానుకి కాపలా

"నెల్లాళ్ళయింది, ఒక్క తుపానైనా లేదు. ఆ మ్యాపు చూడ్డం ఇక మానెయ్యరాదూ?" అన్నారు మావారు, కాఫీ అందుకుంటూ.

ఫ్లోరిడాలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నప్పటి నుంచీ నాకబ్బిన అలవాటిది. ఇక్కడ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రం వారు ఆరేసి గంటలకోసారి అట్లాంటిక్ సంగతి చెబుతారు. ఏమీ లేకపోతే లేదనే చెబుతారు. నేను పొద్దునా సాయంత్రమూ చూస్తాను. ఇంట్లోవాళ్ళకి నేనో వేళాకోళం.

వేళాకోళానికేం గానీ, "ఏమీ లేనప్పుడు చూడ్డమెందుకు?" అన్న మాటతోనే నా పోట్లాట. ఏమీ లేదని తెలిసేది చూస్తేనే కదండీ!

సముద్రం ఊరుకుందంటే మనమీద దయతలిచి కాదు. సహారా ఎడారి నుంచి పొడిగాలీ దుమ్మూ కమ్ముకొస్తే మేఘాలు పుంజుకోలేవు. పైగాలి ఒకలాగా, కిందిగాలి ఇంకోలాగా వీచినా తుపాను నిలదొక్కుకోలేదు. ఆ అడ్డు తొలగిననాడు, ఆఫ్రికా ఒడ్డు దాటిన ఒక్క మబ్బుల గుంపు చాలు. పైగా ఈ కాలానికి నడినెత్తి సెప్టెంబరు 10 ప్రాంతం. ఆగస్టు చల్లగా గడిచిందని మురిసిపోవడమంటే, శ్రావణమాసం పేరంటాలయ్యాయి గనక ఇక దసరా రాదనుకోవడమే.

1992లో ఆగస్టు సగమయ్యేదాకా పేరు పెట్టదగ్గ తుపాను ఒక్కటీ లేదు. మొదటి పేరు ఆండ్రూ. ఆగస్టు 24న దక్షిణ ఫ్లోరిడా మీద పడి 25 వేలకు పైగా ఇళ్ళని నాశనం చేసింది. 2022లో ఆగస్టంతా ఖాళీయే. సెప్టెంబరు 28న ఇయన్ వచ్చింది. ఈ రాష్ట్రంలోనే వందమందికి పైగా పోయారు. 2018లో మైకేల్‌కి నామకరణం జరిగింది అక్టోబరు 7న, ఒడ్డెక్కింది 10న. మాగాయ ముక్కలు ఊరేపాటి వ్యవధి! అప్పుడు మంచినీళ్ళ సీసాలకీ, మందులకీ, కిటికీ చెక్కలకీ పరుగెడితే దొరుకుతాయా?

నేను కృష్ణాజిల్లా దాన్ని. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం వచ్చినప్పుడు చిన్నపిల్లని. పదివేలమందికి పైగా పోయారు. హెచ్చరిక అందరి చెవినా పడుంటే ఇంకెందరు మిగిలేవారో అని మా అమ్మ చాలాకాలం అనుకునేది. అది విన్న చెవులతో "వచ్చినప్పుడు చూద్దాంలే" అన్న మాట నేను వినలేను.

అసలు కాపలా అంటేనే మనవాళ్ళకి చులకన. పాలు పొంగితే మనల్ని అంటారు. పొంగకుండా రోజూ పొయ్యి దగ్గర నిలబడ్డందుకు ఎవరు మెచ్చుకున్నారు గనక?

నిన్న రాత్రి పడుకోబోతూ మావారే అడిగారు, "ఏమన్నా ఉందా?" అని.

"ఏమీ లేదు, పడుకోండి" అన్నాను.

నిశ్చింతగా నిద్రపోయారు. చూసినదాన్ని నేను గదా!