జనవరి ఒకటిన కాకి కూడా కొత్త పిట్టే

కొత్త సంవత్సరం రోజు ఉదయం న్యూజెర్సీలో మనవాళ్లలో చాలామంది గుడి దగ్గర క్యూలో ఉంటారు. అదే సమయంలో, ముక్కు మొద్దుబారే చలిలో, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని బార్నెగాట్ లైట్ దగ్గర సముద్రంలోకి కట్టిన రాళ్ల గట్టు మీద నడిచేవాళ్లు కొందరుంటారు. శీతకాలానికి ఉత్తరం నుంచి దిగే హార్లెక్విన్ బాతుల కోసం వాళ్ల వెతుకులాట. డిసెంబర్ 31తో పాత జాబితా మూసేసి, మర్నాడు మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతారు. కాబట్టి ఆ రోజు కాకి కనబడినా సంబరమే. ఆ ఏటికి అదే మొదటి కాకి.

ఏడేళ్లుగా నేనూ వీళ్లతో తిరుగుతున్నాను. బయటి నుంచి చూస్తే స్టాంపులు పోగుచేసే సరదాలా ఉంటుంది. దీని వెనకున్న పద్ధతి చూశాక నా అభిప్రాయం మారింది. 2002లో మొదలైన ఈ-బర్డ్ అనే డేటాబేస్‌లో ఎవరైనా తాము చూసిన పక్షులు నమోదు చేయవచ్చు. అయితే ఆ ప్రాంతంలో, ఆ కాలంలో ఉండకూడని పక్షిని రాస్తే వెంటనే ప్రశ్న వస్తుంది. ఆ జిల్లా పక్షులు బాగా తెలిసిన ఒక వాలంటీర్ మెయిల్ చేస్తాడు: ఫొటో ఉందా, రెక్క మీద చార ఎలా ఉంది, పోలిక ఉన్న ఫలానా పక్షి కాదని ఎలా తేల్చారు? మా ఆఫీసులో కోడ్ రివ్యూ ఇంత నిక్కచ్చిగా జరిగితే రాత్రిపూట నాకు సగం ఫోన్లు తగ్గేవి.

ఈ లెక్కలకు నూట పాతికేళ్ల చరిత్ర ఉంది. క్రిస్మస్ రోజున ఎవరు ఎక్కువ పక్షుల్ని కాల్చి తెస్తారో పోటీలు పడే కాలంలో, చంపడం మాని లెక్కపెడదామని ఫ్రాంక్ చాప్‌మన్ ప్రతిపాదించాడు. 1900 డిసెంబర్ 25న 27 మంది బయల్దేరారు. ఇప్పుడు ఏటా డిసెంబర్ 14 నుంచి జనవరి 5 వరకు వేలమంది, 15 మైళ్ల వ్యాసం ఉన్న వృత్తాలుగా పంచుకుని లెక్కిస్తున్నారు. ఉత్తర అమెరికాలో 1970 నుంచి దాదాపు 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనానికి ఆధారమైన గణాంకాల్లో ఇలాంటి సాధారణ పౌరులు కూర్చినవి ఎన్నో ఉన్నాయి.

మన రాష్ట్రంలోనే చూడండి. మే నెలలో డెలావేర్ బే ఒడ్డుకు రెడ్ నాట్ అనే చిన్న పక్షి దిగుతుంది. దక్షిణ అమెరికా చివరి కొస నుంచి ఆర్కిటిక్‌కు పోయే దారిలో ఇక్కడ ఆగి, హార్స్‌షూ పీతల గుడ్లు తిని ఒళ్లు చేసుకుంటుంది. ఎరకోసం పీతల్ని విచ్చలవిడిగా పట్టడంతో పక్షులూ పడిపోయాయి. ఏటేటా లెక్కలు ఉండబట్టే ఆ సంగతి కాగితం మీద తేలింది. 2008లో న్యూజెర్సీ పీతల వేటను ఆపింది, 2014లో కేంద్రం రెడ్ నాట్‌ను ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది.

ఇక మన సంగతి. పక్షుల రికార్డు అంతా కేప్ మే, సాండీ హుక్ లాంటి పేరున్న చోట్ల కిక్కిరిసి ఉంటుంది. మనం ఇళ్లు కొనుక్కున్న కాలనీల వెనక వాన నీళ్లు నిలవడానికి తవ్విన చెరువులు మాత్రం ఆ మ్యాపులో దాదాపు ఖాళీ. అక్కడ బయటివాడు బైనాక్యులర్స్ పట్టుకుని తిరగలేడు. వంటింటి కిటికీలోంచి రోజూ చూసేది మనమే. రేపు ఆ పక్క అడవి ముక్కలో కొత్త టౌన్‌హౌస్‌లు కడతామంటే, అక్కడ ఏం బతుకుతుందో చెప్పగలిగిన రికార్డు ఎవరి దగ్గరుంటుంది? అరుదైన జాతుల సమాచారాన్ని రాష్ట్ర వన్యప్రాణి విభాగం మామూలు పౌరుల దగ్గర కూడా తీసుకుంటుంది.

మనవాళ్లకు ఒక జంకు ఉంది, అది ఉత్తదని నేననను. గోధుమరంగు మనిషి బైనాక్యులర్స్‌తో ఇళ్ల మధ్య నిలబడితే చూసే చూపు వేరు. 2020 మేలో సెంట్రల్ పార్క్‌లో క్రిస్టియన్ కూపర్ అనే నల్లజాతి పక్షి పరిశీలకుడు కుక్కకు తాడు కట్టమన్నందుకు ఒకావిడ అతని మీద పోలీసులకు ఫోన్ చేసింది. నన్నూ ఒకసారి మా టౌన్‌షిప్‌లో ఒకాయన కారు ఆపి ఏం చూస్తున్నావని గద్దించాడు. గద్దను చూపించాను. రెండు నిమిషాలు చూసి వెళ్లిపోయాడు, సారీ చెప్పలేదు. అందుకే కొత్తవాళ్లకు ఒంటరిగా వెళ్లమని చెప్పను. గుంపుతో వెళ్లండి.

పిల్లలకు ఇదంతా తెల్లవాళ్ల సరదా అనిపిస్తే కలివికోడి కథ చెప్పండి. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్లీ దొరికింది. శాస్త్రవేత్తలకు దాన్ని పట్టిచ్చింది అక్కడి పిట్టల వేటగాడు. ఆ అడవి తెలిసినవాడి కన్ను అది. ఇంకో మాట, ఇక్కడ మన ముంగిట్లో గెంతే ఊరపిచ్చుక కూడా వలసదే. 1850ల్లో బ్రూక్లిన్‌లో తెచ్చి వదిలారు.

క్రిస్మస్ లెక్క ఏటా డిసెంబర్ 14న మొదలవుతుంది. రుసుము లేదు, పక్షుల పేర్లు తెలియనక్కర్లేదు. కొత్తవాళ్లను అనుభవం ఉన్నవాళ్లకు జత చేస్తారు. మీ ఇల్లు వృత్తంలో ఉంటే, ముందుగా నిర్వాహకులకు చెప్పి, పెరట్లో గింజల డబ్బా దగ్గరికి వచ్చినవాటినే లెక్కపెట్టి పంపవచ్చు. మా అత్తగారు పోయినేడు విజిటర్ వీసా మీద వచ్చి కిటికీ దగ్గర కూర్చుని అదే చేశారు. పేర్లు ఆవిడకు అక్కర్లేదు. ఎర్రది నాలుగు, బూడిదరంగుది పదకొండు అని పంచాంగం వెనక రాసి పెడితే, సాయంత్రం మా అమ్మాయి ఏది కార్డినల్, ఏది జుంకో అని పేర్లు తేల్చి నమోదు చేసింది.