ఫాసలాది కసూర్ కాదు

వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించమని 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచారు. ఆరు నెలల మోహలత్. గడువు దగ్గరపడేసరికి సైట్ నత్తనడక నడుస్తోందని దేశమంతా షికాయతులు. సర్కార్ గడువు పెంచలేదు. మూడు నెలలు జుర్మానా ఉండదని మాత్రం చెప్పింది.

తడ లాంటి సరిహద్దు ఊళ్లో సైట్ తెరుచుకోకపోతే, 'మనది దూరం కదా' అని ముతవల్లీ సాబ్ సబర్ చేస్తారు. ఫాసలా మీద నింద వేయకండి భాయ్. ఫైబర్ తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ ఢిల్లీలో ఉందనుకున్నా, రానూపోనూ 4 వేల కిలోమీటర్లకు సెకనులో యాభయ్యో వంతు చాలు. మధ్యలో పరికరాల దగ్గర ఆగినా రెప్పపాటే.

మరి కసూర్ ఎవరిది? ఒకే పేజీని ఒకే వేళ ఢిల్లీ, హైదరాబాద్, తడ నుంచి తెరిచి కొలిస్తే తెలుస్తుంది. అన్నిచోట్లా ఆలస్యమైతే జబ్బు సర్వర్‌ది. తడలోనే అయితే ఇక్కడి టవర్‌ది, దారిది.

నేననేది ఒక్కటే. గడువు పెట్టేముందు సర్కారే ఈ ఇమ్తెహాన్ రాయాలి, నతీజా అందరికీ చూపాలి. ఫోన్‌లో చక్రం తిరుగుతూ ఉండగానే గడువు దాటి, రికార్డుకెక్కని ఖబరస్తాన్‌కు జవాబు ఎవరిస్తారు?