ట్రాక్టర్ తుప్పుకి తప్పు రైతుదేనా?

కాలవకి నీళ్లు వదిలారు. నారు సిద్ధంగా ఉంది. దమ్ము మొదలెట్టిన మూడో రోజున మా దివిసీమలో ఒక కౌలురైతు ట్రాక్టర్ పొలం మధ్యలో ఆగిపోయింది. ముందు చక్రం హబ్బులో ఆయిల్ సీల్ పోయి, బురద నీళ్లు లోపలికి చేరి, బేరింగ్ ముక్కలైంది. బేరింగ్‌తో పాటు యాక్సిల్ మొన కూడా చెడింది. బండి కొని ఇంకా రెండేళ్లు నిండలేదు. షోరూముకి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు ఇది: "బురదలో తిప్పారు కదా, వారంటీ వర్తించదు."

దమ్ము చేసే బండిని బురదలో కాక సిమెంటు రోడ్డు మీద తిప్పుతామా?

సామాను రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోపు వంతు నీళ్లు వెళ్లిపోయాయి. ఆయన ఊళ్లో దమ్ముకి ఒప్పుకున్న ఇరవై ఎకరాలూ వేరే బళ్లకి పోయాయి. తన కౌలు పొలానికి తానే అద్దె ట్రాక్టర్ పెట్టుకున్నాడు. ఫైనాన్సు కిస్తీ మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు.

ఏ అవగాహన సదస్సుకి వెళ్లినా ఒకటే పాట వినిపిస్తుంది. రైతుకి యంత్రం మీద శ్రద్ధ లేదట. ఎండకీ వానకీ వదిలేస్తాడట, గ్రీజు పెట్టడట, అందుకే తుప్పట. ఇందులో సగం మేం ఒప్పుకుంటాం. ఆ సగం గురించే ముందు మాట్లాడతాం. మన ఇల్లు చక్కబెట్టుకోకుండా ఎదుటివాణ్ణి నిలదీస్తే మన మాట చెల్లదు. మిగతా సగం ఎవరిదో ఆ తర్వాత తేలుద్దాం.

మన వంతు తప్పు

ఇనుముకి నీరూ గాలీ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఆ రెండూ తగలకుండా అడ్డు పెడితే తుప్పు ఆగుతుంది. రంగు, గ్రీజు, ఆయిల్ పూత చేసే పని అదే. దీనికి ఉప్పు తోడైతే తుప్పు పరుగెడుతుంది. తుప్పు పట్టేటప్పుడు ఇనుములో బ్యాటరీలో లాగా చిన్న కరెంటు పారుతుంది. ఉప్పు నీళ్లలో ఆ కరెంటు సులువుగా పారుతుంది. నాగాయలంక, కోడూరు వైపు గాలిలోనే ఉప్పుంది, చాలాచోట్ల బోరు నీళ్లలోనూ ఉప్పుంది. మెట్ట ప్రాంతంలో పదేళ్లు నిలిచే రేకు ఇక్కడ అన్నాళ్లు నిలవదు.

దాని మీద ఎరువు ఒకటి. పొటాష్ అని మనం చల్లేది పొటాషియం క్లోరైడ్. అంటే కూరలో వేసే ఉప్పుకి దగ్గర చుట్టం. అమ్మోనియం సల్ఫేట్ కూడా ఇనుముని తింటుంది. యూరియా గాలిలో చెమ్మని పీల్చుకుని కరిగి, ట్రక్కు అడుగున సందుల్లో చేరుతుంది. ఎరువు దింపాక మనం ట్రక్కుని ఊడ్చి వదిలేస్తాం. ఊడిస్తే చాలదు, కడగాలి. ఇంకో అలవాటు కూడా మానుకోవాలి. ఎరువు బస్తాల పక్కన, లేదా పశువుల మూత్రం పారే చోట బండి నిలబెడుతున్నాం. రాత్రంతా ఆ చెమ్మా ఆ ఘాటూ ఇనుముకి తగులుతూనే ఉంటాయి.

అరుగుదల వేరు, తుప్పు వేరు. కానీ ఆ రెండూ జోడెడ్ల లాంటివి. తుప్పు పై పొరని వదులు చేస్తుంది, మట్టి దాన్ని గీకేస్తుంది, కింద కొత్త ఇనుము బయటపడుతుంది, దానికి మళ్లీ తుప్పు. ఇసుక రేణువు మామూలు ఇనుము కంటే గట్టిది. ఇసుక పాలు ఎక్కువున్న నేలలో రోటావేటర్ బ్లేడ్లు తొందరగా అరిగిపోయేది అందుకే. అదే దుమ్ము ఎయిర్ క్లీనర్ దాటి ఇంజిన్లోకి పోతే లైనరునీ, పిస్టన్ రింగుల్నీ ఆకురాయిలా అరగదీస్తుంది. ఆ తర్వాత ఇంజిన్ పొగ పోయడం, ఆయిల్ తాగడం అందరికీ తెలిసిన కథే.

వీటికి మనం చేయగలిగిన పనులు ఖరీదైనవి కావు. దమ్ము రోజుల్లో సాయంత్రం పూట బండి కడిగి, ప్రతి నిపుల్‌కీ గ్రీజు గన్ పెట్టాలి. లోపలి బురద గ్రీజు బయటికి వచ్చి, శుభ్రమైన గ్రీజు కనిపించేదాకా కొట్టాలి. మర్నాడు పెడదాంలే అనుకుంటే రాత్రంతా ఆ నీళ్లు బేరింగ్‌లోనే ఉంటాయి. కడగడానికి ఉప్పు బోరు నీళ్లు వాడకండి, కాలవ నీళ్లు మేలు. నీళ్ల గొట్టాన్ని ఆయిల్ సీళ్ల మీదకి, ఎయిర్ క్లీనర్ మీదకి, వైర్ల మీదకి నేరుగా పెట్టకండి. గేర్ ఆయిల్ పాల రంగుకి తిరిగిందంటే లోపలికి నీళ్లు పోయినట్టే. ఆ బండిని ఇంకొక్క ఎకరం అని తిప్పకండి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం గట్టిపడుతుంది, తుప్పూ పడుతుంది. పుస్తకంలో చెప్పిన పాళ్లలో కూలెంట్, మంచి నీళ్లు కలిపి పోయాలి. సాయంత్రం డీజిల్ ట్యాంకు నింపి ఉంచితే రాత్రి చల్లదనానికి లోపల చెమ్మ పట్టే చోటు తగ్గుతుంది. ఫిల్టర్ కింద చేరిన నీళ్లు వదిలేస్తూ ఉండాలి. బ్యాటరీ టెర్మినళ్లు శుభ్రం చేసి వాజిలిన్ రాయాలి. నిలువు సైలెన్సర్ గొట్టం మీద పాత డబ్బా బోర్లిస్తే వాన నీళ్లు ఇంజిన్‌కి చేరవు.

సీజన్ అయ్యాక రోటావేటర్, కేజ్ వీల్స్, కల్టివేటర్ కడిగి, ఎండనిచ్చి, మట్టి అంటుకున్న చోటల్లా గీకి, ఆయిల్ పూసి, చెక్క దిమ్మెల మీద ఎత్తి పెట్టాలి. రంగు లేచిన చోట తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టాలి. తుప్పు మీదే రంగు వేస్తే లోపల తుప్పు తినడం ఆగదు. రోటావేటర్ బ్లేడ్లని ఒకటీ రెండూ కాకుండా, రెండు వైపులా బరువు సరిపోయేలా సెట్టుగా మార్చాలి. ఒకవైపు కొత్తవి, ఒకవైపు అరిగినవి ఉంటే యంత్రం అదురుతుంది. ఆ అదురు గేర్‌బాక్స్ బేరింగుల మీద పడుతుంది. బోర్డో మిశ్రమం లాంటి మైలుతుత్తం మందుల్ని ఇనప డ్రమ్ముల్లో కలపకండి. డ్రమ్మూ పోతుంది, మందూ చెడుతుంది.

ఇవన్నీ మనవల్ల అయ్యే పనులే. చేయకపోతే తప్పు మనదే.

మనది కాని తప్పు

ఇక మిగతా సగం. పైన చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసిన రైతు బండి కూడా ఎందుకు ఆగుతోంది?

మొదటిది, మనం కొనే ఇనుము ఏమిటో మనకి తెలియదు. రోటావేటర్ బ్లేడు ప్యాకెట్ మీద ధర ఉంటుంది. ఆ బ్లేడు ఎంత గట్టిదో, ఏ ఉక్కుతో చేశారో చాలా బ్లేడ్ల మీద ఉండదు. రంగు మెరుస్తుంది, కంపెనీ పేరులో ఒక అక్షరం మారుతుంది, పది ఎకరాలకే మొన వంగుతుంది. మంచి బ్లేడు చూసి కొనుక్కోవాలంటారు. చూస్తే కనిపించేది రంగే కదా!

ఈ వివరాలు లేక కాదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. అలాంటి సంస్థల్లో రోటావేటర్‌ని పరీక్షించినప్పుడు బ్లేడు గట్టిదనం ఎంత, ఇన్ని గంటలకి ఎంత అరిగింది అని కొలిచి నివేదికలో రాస్తారు. ఆ నివేదికలు ఇంగ్లీషులో ఉంటాయి. మన మండలంలో సబ్సిడీ యంత్రం తీసుకున్న రైతుల్లో ఎంతమంది చేతికి ఆ నివేదిక అందింది? ప్రభుత్వ డబ్బుతో కొలిచిన అరుగుదల లెక్క కంపెనీకి తెలుసు, అధికారికి తెలుసు. కొనేవాడికి మాత్రం తెలియదు.

రెండోది వారంటీ. ట్రాక్టర్ అమ్మేటప్పుడు దమ్ములో దిగిన బండి బొమ్మే గోడ మీద వేస్తారు. సీలు పోతే మాత్రం బురదలో తిప్పడం రైతు తప్పంటారు. తుప్పు, అరుగుదల వారంటీ కిందికి రావని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. డెల్టాలో అమ్మే బండికి బురద కొత్త విషయమా? సీలు బురదని ఆపలేకపోతే దాన్ని సీలు అని ఎందుకు పిలవాలి?

మూడోది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్లు, కొన్ని విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. రైతు సంఘాలు ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన తగ్గింపు అది. దాన్ని మేం కాదనడం లేదు. కానీ బండిని తుప్పు నుంచీ అరుగుదల నుంచీ కాపాడే ఇంజిన్ ఆయిల్ మీద, గ్రీజు మీద 18 శాతం అలాగే ఉంది. కొత్త బండి కొంటే రాయితీ, ఉన్న బండిని కాపాడుకుంటే పన్ను. ఇదెవరికి లాభమో వేరే చెప్పాలా?

నాలుగోది సబ్సిడీ. 2014-15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద యంత్రాల కొనుగోలుకి సాయం చేస్తున్నారు. కొన్నాక దాన్ని నిలబెట్టడానికి నీడ ఉందా, కడగడానికి చోటుందా అని అడిగేవాడు లేడు. షెడ్డు వేసుకోమని కౌలురైతుకి చెప్పడం తేలిక. ఎవరి స్థలంలో వేసుకోవాలి? పొలమే తనది కాదు, ఇంటి ముందు ఎద్దు కట్టేంత జాగా కూడా లేదు. అద్దె యంత్రాల కేంద్రాల పేరుతో ఇచ్చిన పరికరాలు కూడా చాలా ఊళ్లలో చెట్టు కిందే తుప్పు పడుతున్నాయి. అవి రైతు ఒక్కడి సొత్తు కాదు, ప్రజల డబ్బు.

అయిదోది మరమ్మతు హక్కు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ హక్కు మీద ఒక కమిటీ వేసింది. ముందుగా చూడాల్సిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటని చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా మొదలెట్టింది. కంపెనీల మెడ మీద కత్తి పెట్టే చట్టం మాత్రం వ్యవసాయ యంత్రాలకి రాలేదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాలకి మరమ్మతు హక్కు చట్టం చేసింది. విడిభాగాలు, పనిముట్లు, మరమ్మతు పుస్తకాలు రైతుకీ, బయటి మెకానిక్‌కీ ఇవ్వాలని కంపెనీల్ని కట్టడి చేసింది. అక్కడి పెద్ద రైతుకి కావాల్సి వచ్చిన హక్కు మన అయిదెకరాల రైతుకి అక్కర్లేదా?

కాబట్టి మేం అడిగేవి ఇవి.

1. డెల్టా ప్రాంతాల్లో అమ్మే ట్రాక్టర్లకి దమ్ముని మామూలు వాడకంగా వారంటీ కాగితంలో రాయాలి. హబ్బు సీళ్లు, బేరింగులు దానిలో చేర్చాలి.

2. రోటావేటర్ బ్లేడు, కల్టివేటర్ మొన లాంటి అరిగే సామాన్ల మీద తయారీదారు పేరు, ఉక్కు రకం, గట్టిదనం అచ్చు వేయాలి. పరీక్ష నివేదికల సారం తెలుగులో ప్రతి రైతు సేవా కేంద్రంలో గోడ మీద పెట్టాలి.

3. సార్వా మొదలవడానికి నెల ముందే సీళ్లు, బేరింగులు, ఫిల్టర్లు మండల కేంద్రంలో నిల్వ ఉండేలా కంపెనీల్ని కట్టడి చేయాలి.

4. మరమ్మతు హక్కుని చట్టం చేయాలి. మరమ్మతు పుస్తకాలు తెలుగులో ఊరి మెకానిక్‌కి అందాలి.

5. ఆయిల్, గ్రీజు, బేరింగుల మీద జీఎస్టీని కూడా 5 శాతానికి తేవాలి.

6. యాంత్రీకరణ నిధులతో ఊరికో కడిగే గచ్చు, రేకుల షెడ్డు కట్టాలి. కౌలురైతుకి అందులో సమాన హక్కు ఉండాలి.

ఇవి నోటిమాటతో వచ్చేవి కావు. అందుకని గ్రామ కమిటీలకి ఒక పని అప్పగిస్తున్నాం. ఊళ్లో ట్రాక్టర్ ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లండి. కిందటి సార్వా, దాళ్వాల్లో ఏ సామాను పోయింది, కొని ఎన్నాళ్లయింది, వారంటీ ఇచ్చారా లేదా, బండి ఎన్ని రోజులు ఆగింది, ఎంత ఖర్చయింది అనే అయిదు సంగతులూ నోటుబుక్కులో రాయండి. బిల్లులుంటే జత చేయండి. వచ్చే సార్వా నీళ్లు వదిలేలోపు ఆ పుస్తకాలన్నీ జిల్లా కార్యాలయానికి చేరాలి. వాటిని పట్టుకునే కలెక్టర్ దగ్గరికి వెళ్దాం.

ఈలోపు గ్రీజు గన్ మాత్రం కింద పెట్టకండి. రేపు వాళ్ల ముందు నిలబడ్డప్పుడు, మీరు గ్రీజు పెట్టలేదు అనే మాట అనడానికి ఎవరికీ నోరు రాకూడదు.