పక్కోడి కెమెరా బాగుంది సరే.. మీ సిస్టమ్ మార్చాలా?

ఫోటోగ్రఫీ మొదలుపెట్టిన ఏడాదికో ఏడాదిన్నరకో దాదాపు అందరికీ ఒక జ్వరం పట్టుకుంటుంది. యూట్యూబ్‌లో నాలుగు పోలిక వీడియోలు చూస్తాం. ఆఫీసులో పక్క సీటు వాడి మిర్రర్‌లెస్ కెమెరా ఓసారి చేతిలోకి తీసుకుంటాం. అంతే, ఇంటికొచ్చి మన డీఎస్ఎల్ఆర్ పట్టుకుంటే ఇటుకరాయిలా అనిపిస్తుంది. "సోనీకి మారిపోదామా? ఫూజీ కలర్స్ బాగుంటాయంట కదా?" అని రాత్రి పన్నెండింటికి కార్ట్‌లో వస్తువులు వేస్తూ తీస్తూ కూర్చుంటాం. పొరుగింటి పుల్లకూర రుచి అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

నాకూ ఈ జ్వరం తగిలింది. నా దగ్గర ఒక ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్, 18-55 కిట్ లెన్స్, ఒక టెలిఫోటో జూమ్ ఉన్నాయి. కంపెనీ పేరు చెప్పను, చెబితే ఫ్యాన్ వార్ మొదలవుతుంది. కొత్త సిస్టమ్ కోసం జీతంలోంచి పక్కన పెట్టిన డబ్బు 70 వేలు. ఖర్చు పెట్టే ముందు ఈ లెక్కంతా వేశాను. నా మాట ముందే చెప్పేస్తా: మీకు అడ్డుపడుతున్నది ఏంటో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే మారొద్దు. చెప్పగలిగితే మాత్రం మూడో లెన్స్ కొనకముందే మారిపోండి. ఎందుకో కింద చెబుతా.

ఇది ఫోన్ మార్చడం లాంటిది కాదు

మనం ఫోన్లు మార్చి మార్చి అలవాటు పడ్డవాళ్లం. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి వెళ్లినా ఒక శనివారం కూర్చుంటే డేటా మొత్తం వచ్చేస్తుంది. కెమెరాలో అలా కుదరదు. మీరు కొనేది బాడీ ఒక్కటే కాదు, దాని ముందు ఉండే లోహపు రింగు. దాన్నే మౌంట్ అంటారు. ఆ రింగుకి ఏ లెన్స్‌లు సరిపోతాయో వాటితోనే మీ సంసారం.

కెనాన్ డీఎస్ఎల్ఆర్‌ల ఈఎఫ్ మౌంట్ 1987లో వచ్చింది. నికాన్ ఎఫ్ మౌంట్ ఇంకా పాతది, 1959 నాటిది. 2018లో ఈ రెండు కంపెనీలూ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కోసం కొత్త మౌంట్‌లు తెచ్చాయి: కెనాన్ ఆర్ఎఫ్, నికాన్ జెడ్. మధ్యలో అద్దం లేదు కాబట్టి లెన్స్ సెన్సర్‌కి దగ్గరగా జరిగింది. మౌంట్ నుంచి సెన్సర్‌కి దూరం ఈఎఫ్‌లో 44 మిల్లీమీటర్లు ఉంటే ఆర్ఎఫ్‌లో 20 మాత్రమే. నికాన్‌లో 46.5 నుంచి 16కి తగ్గింది.

ఈ అంకెలు మన జేబుకి సంబంధించినవే. దూరం తగ్గింది కాబట్టి ఆ ఖాళీలో ఒక అడాప్టర్ పెట్టి పాత డీఎస్ఎల్ఆర్ లెన్స్‌ని కొత్త మిర్రర్‌లెస్‌కి తగిలించొచ్చు. కొత్త లెన్స్‌ని పాత బాడీకి తగిలించడం మాత్రం కుదరదు. అంటే ఇది వన్ వే రోడ్డు. ఈఎఫ్ లెన్స్‌లు కెనాన్ సొంత అడాప్టర్‌తో ఆర్ఎఫ్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్‌లో ఒక మెలిక ఉంది. లోపల మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్స్‌లు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఫోకస్ అవుతాయి. మోటార్ లేని పాత ఏఎఫ్-డీ లెన్స్‌లైతే చేత్తో తిప్పుకోవాల్సిందే.

కాబట్టి "సిస్టమ్ మార్చడం" అనే మాటలో రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. అదే కంపెనీ మిర్రర్‌లెస్‌కి వెళ్తే సగం ఇల్లు మారినట్టు, సామాను చాలావరకు వెంట వస్తుంది. వేరే కంపెనీకి వెళ్తే మొత్తం ఖాళీ చేయాలి. వేరే కంపెనీ లెన్స్‌లకీ థర్డ్ పార్టీ అడాప్టర్లు ఉన్నాయి కానీ ఆటోఫోకస్ వేగం లెన్స్‌ని బట్టి, అడాప్టర్‌ని బట్టి మారిపోతుంది. వాటిని నమ్ముకుని మాత్రం మారొద్దు.

ముందు ప్రొఫైలింగ్, తర్వాతే ఆప్టిమైజేషన్

కోడ్ స్లోగా ఉందంటే సర్వర్ మార్చేయం కదా. ఏ ఫంక్షన్ దగ్గర టైమ్ పోతోందో చూస్తాం. కెమెరాకీ అదే పద్ధతి. మీరు తీసిన ప్రతి ఫోటోలోనూ ఫోకల్ లెంగ్త్, అపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ దాగి ఉంటాయి. దాన్ని ఎగ్జిఫ్ డేటా అంటారు. నేను ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసి, ఏడాదిలో దాచుకున్న ఫోటోలన్నిటి లెక్క తీశాను. స్క్రిప్ట్ రాయడం రాకపోతే లైట్‌రూమ్‌లో ఫిల్టర్ పెట్టినా చాలు.

సగానికి పైగా ఫోటోలు 55 దగ్గర తీసినవే, అదీ ఎఫ్/5.6లో. కిట్ లెన్స్ ఆ చివర అంతకంటే తెరుచుకోదు మరి. అందులో చాలావాటికి ఐఎస్ఓ 6400, షట్టర్ 1/125. అన్నీ సాయంత్రాలు, ఇంట్లో ఫంక్షన్లు, స్టేజీలు. నాకు అడ్డుపడుతున్నది మెగాపిక్సెల్స్ కాదు, బ్రాండ్ కలర్స్ కాదు. వెలుతురు.

ఇప్పుడు లెక్క చూడండి. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/1.8కి వెళ్తే లోపలికొచ్చే వెలుతురు దాదాపు పది రెట్లు పెరుగుతుంది. అంటే అదే స్టేజీ మీద షట్టర్‌ని 1/500కి పెంచినా ఐఎస్ఓ 2500 చుట్టూ సరిపోతుంది. మరి కిట్ లెన్స్ అపర్చర్‌తోనే ఏపీఎస్-సీ నుంచి ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్తే? సెన్సర్ వైశాల్యం దాదాపు రెండున్నర రెట్లు పెద్దది, లాభం కూడా సుమారు అంతే. ఒక 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఇచ్చేది పది రెట్లు, ఫుల్ ఫ్రేమ్ బాడీ ఇచ్చేది రెండున్నర రెట్లు. ధరలో ఏది చవకో మీకు చెప్పక్కర్లేదు.

ఫ్రీగా ఏదీ రాదు. ఎఫ్/1.8లో మూడు మీటర్ల దూరంలో ఉన్న మనిషి చుట్టూ షార్ప్‌గా ఉండే లోతు జానెడంత మాత్రమే. ఫోకస్ కొంచెం తప్పితే కన్ను బదులు చెవి షార్ప్‌గా వస్తుంది. ఇంకో జాగ్రత్త: నికాన్ 3000, 5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు, కాబట్టి సెకండ్ హ్యాండ్ 50 కొనేటప్పుడు ఏఎఫ్-ఎస్ అని రాసి ఉందో లేదో చూసుకోండి.

మారడానికి నిజమైన కారణాలూ ఉన్నాయి

అలాగని "ఆడలేక మద్దెల ఓడు" అని అందర్నీ తీసిపారేయడం కూడా అన్యాయం. కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడు.

మా చెల్లి కూచిపూడి నేర్చుకుంటోంది. వచ్చే డిసెంబర్‌లో తన రంగప్రవేశం. అది జీవితంలో ఒక్కసారే, "ఇంకోసారి తిరగవే, ఫోకస్ తప్పింది" అనడానికి లేదు. ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్‌లో వ్యూఫైండర్ ఫోకస్ పాయింట్లు పదీ పదకొండు దాకా ఉంటాయి, అన్నీ మధ్యలోనే గుంపుగా. స్టేజీ మీద అటూ ఇటూ కదిలే మనిషి ముఖాన్ని ఫ్రేమ్ అంచున పెట్టాలంటే ముందు మధ్యలో ఫోకస్ చేసి, తర్వాత కెమెరా తిప్పాలి. ఈలోపు తను రెండడుగులు ముందుకొచ్చేస్తుంది. ఇప్పటి మిర్రర్‌లెస్ అయితే కన్ను ఎక్కడుందో అదే పట్టుకుని వెంట పోతుంది. ఇది లెన్స్ మారిస్తే వచ్చేది కాదు. పైగా అద్దం చప్పుడు ఉండదు. పద్యాభినయం జరుగుతుంటే టకటకమని కొట్టేవాడిని ముందు వరసలో వాళ్లు తిరిగి చూసే చూపు నాకు తెలుసు. అయితే సైలెంట్ షట్టర్ వాడితే కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద ఫోటోలో చారలు పడతాయి, అది కూడా గుర్తుపెట్టుకోండి.

రెండో కారణం భవిష్యత్తు. కెనాన్, నికాన్ రెండూ కొత్త లెన్స్‌లన్నీ మిర్రర్‌లెస్‌కే తెస్తున్నాయి. కెనాన్ 2012లో మొదలుపెట్టిన ఈఎఫ్-ఎమ్ అనే మౌంట్ అయితే పదేళ్లు దాటగానే మూతపడింది, ఆ లెన్స్‌లు ఆర్ఎఫ్ బాడీకి అడాప్టర్‌తో కూడా ఎక్కవు. కాబట్టి "సిస్టమ్ చచ్చిపోతుందేమో" అనే భయం ఉత్తిది కాదు.

కానీ బిగినర్‌కి ఇందులో ఒక లాభం ఉంది. అందరూ వదిలేసి వెళ్తున్న మౌంట్‌లోనే మంచి లెన్స్‌లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి. మౌంట్ ఆగిపోయిందని కంపెనీ ప్రకటించిన రోజు నుంచి మీ లెన్స్ మసకబారదు.

దాక్కున్న ఖర్చులు

కోఠిలో ఒక సెకండ్ హ్యాండ్ షాపులో నా సెట్టు మొత్తానికి ధర అడిగితే, నేను పెట్టినదాంట్లో సగం కూడా రాలేదు. అది సగం కథే. కొత్త బాడీ, కొత్త లెన్స్, ఇంకో బ్యాటరీ, వేగంగా రాసే కార్డ్. పాత ఫ్లాష్ కొత్త కంపెనీ బాడీ మీద ఆటోలో పనిచేయదు. ఇన్నాళ్లు అలవాటైన వేళ్లు కూడా మారాలి: కెనాన్ నుంచి నికాన్‌కి వెళ్తే లెన్స్ బిగించే దిక్కు, జూమ్ రింగు తిప్పే దిక్కు రెండూ తిరగబడతాయి.

ఎవరూ లెక్కలో వేయనిది ఇంకోటి ఉంది, స్నేహితుల బ్యాగులు. మా వీకెండ్ గ్యాంగ్‌లో నలుగురికి ఒకే మౌంట్. ఒకడి దగ్గర మాక్రో, ఇంకొకడి దగ్గర అల్ట్రా వైడ్. అనంతగిరి ట్రిప్‌లో అవన్నీ అందరివీ. ఏ రివ్యూ స్కోరులోనూ కనిపించని ఫీచర్ ఇది. మీ గ్యాంగ్ అంతా సోనీ అయితే ఇదే లెక్క మిమ్మల్ని అటు లాగుతుంది, అది సరైన కారణమే.

మరి మూడో లెన్స్ సంగతేంటి?

కిట్ లెన్స్ ఒక్కటే ఉన్నవాడు మారితే పోయేది తక్కువ. లెన్స్‌లు పెరిగేకొద్దీ అమ్మేటప్పుడు ప్రతిదాని మీదా నష్టం. అందుకే ఖరీదైన లెన్స్ ఏదైనా కొనేముందు ఆగి "ఇంకో ఐదేళ్లు ఈ మౌంట్‌లోనే ఉంటానా?" అని అడగండి. ఉండను అనిపిస్తే ఆ లెన్స్ కొనొద్దు, ఆ డబ్బుతో మారండి. సెకండ్ హ్యాండ్ 50 ఎంఎం లాంటిది ఈ రూల్ కిందికి రాదు. కొన్న ధరకి కాస్త అటూఇటుగా మళ్లీ అమ్ముకోవచ్చు. దాన్ని కొనుగోలు అనడం కంటే అద్దె అనడం నయం.

అద్దె అంటే గుర్తొచ్చింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో కెమెరాలు రోజు అద్దెకి దొరుకుతాయి. మీరు మారాలనుకున్న సిస్టమ్‌ని రెండు రోజులు తెచ్చుకుని, ఎప్పుడూ తీసే ఫోటోలే తీయండి. సోమవారం పొద్దున తిరిగిచ్చేటప్పుడు మీకు ఏం మిస్సవుతోందో చెప్పగలిగితే అది నిజమైన కారణం. "చేతిలో బాగుంది" అని మాత్రమే అనిపిస్తే అది జ్వరమే, తగ్గిపోతుంది.

నా నిర్ణయం ఇది. సెకండ్ హ్యాండ్ 50 ఎంఎం కొంటున్నాను. రంగప్రవేశం రోజుకి మంచి ఆటోఫోకస్ ఉన్న మిర్రర్‌లెస్ ఒకటి అద్దెకి తెస్తాను, చేతికి అలవాటయ్యేలా ఒకరోజు ముందే. 70 వేలలో మిగిలింది అలాగే ఉంటుంది. వచ్చే ఏడాది మళ్లీ ఆ స్క్రిప్ట్ రన్ చేస్తా. కదిలే మనుషుల ఫోటోలే ఎక్కువైతే, ఫోకస్ తప్పినవే ఎక్కువైతే, ఆ రోజు మారతాను. అప్పటికీ నా దగ్గర ఉండేది రెండు జూమ్‌లు, ఒక 50. అమ్ముకున్నా ఏడవాల్సినంత ఏమీ ఉండదు.

మీరు కూడా ఈ వారాంతం ఇంకో పోలిక వీడియో పెట్టే ముందు మీ చివరి ఐదొందల ఫోటోల ఎగ్జిఫ్ తెరిచి చూడండి. ఏం కొనాలో, అసలు కొనాలో వద్దో అక్కడే రాసి ఉంటుంది.